కాయలు లేని మొక్క

చైత్ర బహుళ పంచమి, గురువారం, పొద్దున్న ఏడు దాటి పది నిమిషాలు. ముళ్లపొదల మెట్టలో సుబ్బక్క అనే ముసలి మేక సూర్యభగవానుడికి తల వంచి, కూతురు బొల్లి వైపు చూసింది. బొల్లి ఈని మూడు రోజులైంది. పచ్చిమేత లేక పొదుగు ఎండింది. కూన అరుస్తూనే ఉంది.

అంతలో నక్క వచ్చింది.

"అక్కా, వాగు అవతల వెంపలి మొక్కలు ఏపుగా పెరిగి ఉన్నాయి, మంచి మేత. బిడ్డను నడిపించుకు రా!"

"నీకింత దయ ఎప్పట్నించి తమ్ముడూ? ఎండ తగిలిందా?" అంటూనే సుబ్బక్క బొల్లినీ కూననూ వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆకలి అలాంటిది.

నిజమే, అక్కడంతా పచ్చగా ఉంది. బొల్లి మూతి చాచింది. సుబ్బక్క కాలు అడ్డం పెట్టింది. కొత్త మొక్క కనిపిస్తే ఆకు, పువ్వు, కాయ మూడూ చూశాకే నోరు పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ.

ఈనెకు అటూ ఇటూ చిన్న రెబ్బలు, వెంపలిలాగే. ఊదారంగు పువ్వు, అదీ వెంపలిలాగే.

"మరి కాయ?"

"ఇది కాయని జాతిలే అక్కా."

"కాయకుండానే ఇన్ని మొలిచాయా? గింజలు నువ్వు చల్లావా ఏం?"

"అమ్మా, ఒక్క కొమ్మ..." అంది బొల్లి.

సుబ్బక్క గుండె కరిగింది, కాలు మాత్రం తీయలేదు. కాడల చివర్లు ఇప్పుడే తుంచినట్టు పచ్చిగా ఉన్నాయి.

"తమ్ముడూ, నీ తోకకేదో అంటుకుంది. ఇటు తిరుగు, దులుపుతా."

నక్క ఉలిక్కిపడి తోక లాక్కుంది. గలగలమంది! నూగు కాయలు, బుడగల్లా ఉబ్బినవి, బొచ్చు నిండా పట్టుకుని ఉన్నాయి. తెల్లవారకముందే తుంచి, తోకతో బొరియలోకి ఊడ్చింది మరి.

"వెంపలి కాయ పల్చగా ఉంటుందిరా! ఇది బుడగకాయ, విషపు మొక్కది. తింటే కాళ్లు తూలతాయి. తల్లి తూలితే కూన నీ నోట్లోకి, అంతేనా?"

నక్క పరుగు తీసింది. అడుగడుక్కీ గలగల. ఆ చప్పుడుకి మెట్టలోని కుందేళ్లన్నీ కలుగుల్లో దూరాయి. ఆ పూట దానికి పస్తే.

మర్నాడు పొద్దున్నే సుబ్బక్క ఇంటిల్లిపాదినీ ఆ మొక్క దగ్గరికి తీసుకెళ్లి, కూనతో సహా అందరికీ వాసన చూపించింది. తర్వాత పల్చటి కాయలున్న మొక్కల్ని వెతుక్కుంటూ వాగు వెంట నడిచారు. మధ్యాహ్నానికి బొల్లి పొదుగులో పాలు చేపాయి.

నీతి: సగం చూసి నమ్మేవాళ్ల కోసమే, మోసగాడు మిగతా సగం దాస్తాడు.