తలగవ్వలు మార్చిన నక్క

మడ అడవి చివర, సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా బురద మేట బయటపడుతుంది. చూపుకి అంతా ఒకటే బురద. అందులో సగం ఊబి. ఊబి ఎవర్నైనా మింగితే మర్నాడు ఆ చోట ఒక నల్ల గవ్వ తేలుతుంది. ఎందుకు తేలుతుందో అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

ఆ గవ్వలు ఏరేది తుప్పురంగు పీత ఒక్కతే. పోటు తగ్గగానే మేటంతా అడ్డంగా తిరిగొచ్చి, గట్టు మీద గళ్ళు గీసి, కింది వరస నుంచి పైకి గడికో గవ్వ పేర్చేది. తెల్లది గట్టి నేల, నల్లది ఊబి. ఆ బొమ్మ చదువుకునే అందరూ మేట దాటి మంచినీళ్ళ మడుగుకి వెళ్ళేవారు.

నక్కకి ఆకలితో కడుపు వీపుకి అంటుకుపోయింది. చుక్కమ్మ అనే జింక కొత్తగా కన్న కూన మీద దాని కన్ను పడింది. కూన ఊబిలో దిగబడితే చాలు, మేట మధ్యనున్న చెట్టు మోడు మీద కూర్చునే నోటికి అందుకోవచ్చు.

"అత్తా, బొమ్మ పైన ఈ రెండు గవ్వలు విడిగా ఎందుకూ?" అంది పీతతో తీయగా.

"తలగవ్వలు, అల్లుడూ. ఎడమది నడిచే చోటు రంగు. కుడిది మునిగే చోటు రంగు. చదివినా, రాసినా, ముందు తల చూడాల్సిందే."

"ఇంత చిన్న గవ్వలకి అంత పెత్తనమా!"

"తల చిన్నదే. ఒళ్ళంతా దాని మాటే వింటుంది."

పోటు వేళకి పీత పాత బొమ్మ చెరిపేసి, తలగవ్వలు మాత్రం ఉంచి బొరియలో దూరింది. నక్క చప్పుడు చెయ్యకుండా నల్లదాన్ని ఎడమకి, తెల్లదాన్ని కుడికి మార్చింది. ఇక చుక్కమ్మ ఊబినే గట్టి నేలనుకుంటుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని నక్కకి ఆ క్షణాన గుర్తు రాలేదు.

తెల్లారేసరికి మంచు కమ్ముకుంది. కొత్త బొమ్మ సిద్ధంగా ఉంది. "తల అబద్ధం. తెలుపే నేల" అని లోపల్లోపల నవ్వుకుంటూ, నక్క తెల్ల గళ్ళ దారిన మోడు వైపు దిగింది. మొదటి అడుగు మెత్తగా దిగింది. పొద్దున్నే బురద ఇంతేలే అనుకుంది. తర్వాత కాలు పైకి రాలేదు.

కింద బుడగలు లేచాయి. ఒకటి చెవి పక్కనే పగిలి, "కాస్త జరగండి, కొత్తవాళ్ళొచ్చారు" అంది.

మంచులోంచి చుక్కమ్మ గొంతు వినబడింది. "తల చూశావా, నాన్నా? ఇవాళ నలుపు నడక, తెలుపు మునక." తల్లీ కూనా నల్ల గళ్ళ దారిన నిక్షేపంగా దాటిపోయారు.

"అత్తా! బొమ్మ తప్పు రాశావు!"

"తప్పేముంది, అల్లుడూ?" అంది పీత గట్టు మీంచి. "తల మారిందని చూశాను. దానికి తగ్గట్టే ఒళ్ళంతా రాశాను."

"లాగు, అత్తా! నీకు పుణ్యముంటుంది!"

"నా డెక్కకి నీ బరువు ఆగదయ్యా" అంది పీత. ఆ గొంతులో కోపం లేదు. నక్కని ఎక్కువ భయపెట్టింది అదే.

మర్నాడు ఆ చోట ఒక నల్ల గవ్వ తేలింది. పీత దాన్ని తెచ్చి కింది వరసలో ఒక గట్టి నేల గడిలో పెట్టింది. కూన ముందు తల చూసి, తర్వాత ఆ గడి చూసి, "ఇక్కడ నడవొచ్చమ్మా" అంది.

తల మార్చినవాడికి ఒళ్ళూ మారిందని తెలిసేది మునిగాకే.