వెంట్రుకంత కూడా ముట్టని నక్క

కొండ కింద జొన్నచేను, చేను పక్కన ముళ్లకంచె వేసిన దొడ్డి. ఆ దొడ్డిలో ఎద్దు బసవయ్య పెద్దమనిషి. ఎవరికి కష్టమొచ్చినా ఓపిక పట్టమని చెప్పడం ఆయన పని. నల్లగొర్రె ఈరవ్వ నిండు చూలాలు, కాదనడం రానిది. కోడి సూరమ్మకు నోరుంది. నోరున్న ఆడదాన్ని గయ్యాళి అంటారు కనుక ఆవిడకు ఆ పేరు కూడా ఉంది.

పుష్యమాసంలో ఒకనాటి పొద్దున గుంటనక్క భద్రయ్య తడిక తోసుకుని లోపలికొచ్చాడు. మెడలో తులసిపూసలు, భుజాన పట్టు కండువా, కాళ్లకు కిర్రుమనే తోలుచెప్పులు.

"మాంసం మానేశాను," అని ప్రకటించాడు. "పదిహేను రోజులైంది. దుంపలు, రేగుపళ్లు, దొరికితే ఒక దోసకాయ."

బసవయ్య కళ్లు చెమ్మగిల్లాయి. "ఎంత త్యాగం!"

"మా ఈరవ్వ వదిన పుట్టిన దగ్గర్నుంచీ గడ్డే తింటోంది," అంది సూరమ్మ. "ఆవిడకెవరూ దండ వెయ్యలేదేం?"

ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఇకనుంచి ఈ దొడ్డికి పెద్దగా మీరే ఉండాలని బసవయ్య భద్రయ్యను బతిమాలాడు.

"ఉంటాను. కానీ పెద్దరికమన్నాక గొంగళి ఉండాలి కదా. నల్ల ఉన్నిదైతే హుందాగా ఉంటుంది," అంటూ భద్రయ్య సంచిలోంచి కత్తెర తీశాడు.

ఈరవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇప్పుడా అయ్యా? ఈ చలిలో కత్తిరిస్తే మళ్లీ మొలిచేదాకా నేను బతకాలి కదా. కడుపులో బిడ్డ ఉంది. నేను బిగుసుకుపోతే అదీ పోతుంది."

"నిన్ను తింటానన్నానా తల్లీ? ఒంటి మీది బట్టే కదా అడిగాను!"

"ఆడదాని ఒంటి మీది బట్ట అడిగేవాణ్ణి మేం పెద్దాయన అనం," అంది సూరమ్మ.

బసవయ్య గొంతు సవరించుకున్నాడు. "కొంచెం సర్దుకో ఈరవ్వా. ఆయన అంత వదులుకున్నాడు. ఉన్నిదేముంది, మళ్లీ మొలుస్తుంది."

"తోలైతే మళ్లీ మొలవదు కాబట్టి నువ్వివ్వవు. అంతేనా మావా?" అంది సూరమ్మ.

ఈరవ్వ కళ్లు మూసుకుని ముందుకొచ్చి నిలబడింది. సూరమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, గొంతులో ఎక్కడలేని వినయం తెచ్చుకుంది.

"సరే అన్నయ్యా. కానీ ముందు అందరి ఎదుట ప్రమాణం చెయ్యాలి. వట్టి మాంసం మానేశానంటే ఎవరు మెచ్చుకుంటారు? వాగవతల కొంగ కూడా చేసిందట ఆ ప్రమాణం."

భద్రయ్య మీసాలు నిక్కాయి. "ఏమందేమిటి ఆ కొంగ?"

"జీవాల్ని తిననంది."

"తినకపోతే గొప్పేముంది? నేను ముట్టను!"

"ముట్టనంటే?"

"ముట్టనంటే ముట్టను! వెంట్రుకంత కూడా ముట్టను!"

"ఒకవేళ ముడితే?"

"ఆ క్షణమే ఈ తడిక దాటి పోతాను. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టను!"

మేకలు, దూడలు అందరూ విన్నారు. బసవయ్య ఆనందం పట్టలేక ఆ మాటలే మూడుసార్లు చెప్పించుకున్నాడు. భద్రయ్య మూడోసారి మొదటిసారి కన్నా గట్టిగా చెప్పి, కత్తెర ఆడించుకుంటూ ఈరవ్వ వీపు మీదికి చెయ్యి చాచాడు.

"ఆగన్నయ్యా!" అంది సూరమ్మ. "ఉన్ని అంటే ఏమిటి? వెంట్రుకలే కదా! వెంట్రుకంత కూడా ముట్టనని ఇప్పుడే అన్నావు. పిడికిళ్లతో పట్టబోతున్నావేం?"

మేకలు పకపకా నవ్వాయి.

"అబ్బే, ముట్టనంటే తిననని అర్థం!"

"ఆ మాటకు అర్థం నాకు చెప్పకు. మన యజమాని ఇంట్లో కోడలు నెలకు మూడు రోజులు ముట్టు అని బయట కూర్చుంటుంది. నాకు గింజలు వేసేది అప్పుడే. చాప తగలకూడదు, చెంబు తగలకూడదు, ఆరేసిన బట్ట అంచు కూడా తగలకూడదు. ఆవిడ దగ్గర ముట్టంటే మూరలతో కొలుస్తారు. నీ దగ్గరికొచ్చేసరికి అది నాలిక మీదికి కుంచించుకుపోయిందా? ఇంతకీ భుజం మీదిదేమిటి?"

"పట్టు! మడిబట్ట!"

"గూళ్లతో సహా పురుగుల్ని సలసల ఉడకబెట్టి లాగిన దారం మడా? భలే మడి! మరి ఆ కాళ్లకున్నవి?"

భద్రయ్య పాదాలు వెనక్కి లాక్కున్నాడు. బసవయ్య వంగి చెప్పుల్ని వాసన చూశాడు.

"లింగన్న," అన్నాడు. "నాతో ఏడేళ్లు ఒకే కాడి మోశాడు."

"చచ్చినవాడి తోలే కదా బసవయ్యా," అన్నాడు భద్రయ్య. "కొంచెం సర్దుకో."

ఓపిక పట్టమని ఊరందరికీ చెప్పే బసవయ్య కొమ్ములు దించాడు. తరవాత ఏం జరిగిందో భద్రయ్య కూడా సరిగ్గా చూసుకోలేదు. చెప్పులొకచోట, కండువా ఒకచోట, తను కంచె అవతల ముళ్లలో!

"చలేస్తోందర్రా!" అని అక్కణ్ణుంచి మొరపెట్టుకున్నాడు.

"కొండవతల పత్తిచేనుంది, వెళ్లి ఏరుకో," అంది సూరమ్మ. "వడకడం రాకపోతే నేర్చుకో. మగవాడు నేర్చుకుంటే దారమేం తెగదు."

ఈరవ్వ మొదటిసారి పైకే నవ్వింది. బసవయ్య మాత్రం నవ్వలేదు. ఆమె దగ్గరికొచ్చి, ఇందాక తనన్న మాట తప్పని ఒప్పుకుని, గాలికి అడ్డంగా నిలబడ్డాడు.

నోటికి పెట్టిన నియమాన్ని ఒంటికీ కాళ్లకూ పెట్టుకోనివాడు హింస మానలేదు, భోజనం మార్చుకున్నాడంతే.