బొంత కుట్టు

ఆ ఆదివారం ఏలియాకి ఉన్నది ఒకటే పని. మాణిక్యాంబ మేడమ్‌కి చెప్పేసి ఊరికి బస్సెక్కేయడం.

పరిశోధన తన వల్ల కాదు, మానేస్తున్నాడు. చెప్పాల్సింది ఇంతే. ఆమె యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసరు, అతని గైడు. ఇన్నేళ్ళూ ఆమె దగ్గర అతను పట్టుకు వేలాడింది ఒకే లెక్క. రకరకాల పొరలు అతికించి చేసిన పలకని వంచితే ఎంత వంగుతుంది, వదిలేస్తే ఎలా తిరిగి లేస్తుంది అన్నది సమీకరణాల్లో చెప్పాలి. చెప్పాడు కూడా. పాపం, ఆ పలకకి లెక్కలు రావాయె! ల్యాబులో ఎప్పుడు వంచినా అతని సమీకరణం చెప్పినదానికంటే ఎక్కువే వంగేది.

ఏలియా అంకెల్ని అనుమానించాడు, యంత్రాన్ని అనుమానించాడు, చివరికి తన బుర్రనే అనుమానించాడు. లెక్క మొదట్లో తను రాసుకున్న మాటని మాత్రం అనుమానించలేదు. పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, వాటి మధ్య వెంట్రుకవాసి జరుగుడు కూడా ఉండదు అన్న మాట అది. అందరూ రాసేదే మరి.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి మేడమ్ వరండాలో చాప మీద పాత నేతచీరలు ఒకదాని మీద ఒకటి పరిచి బొంత కుడుతున్నారు. అతను గొంతు సవరించుకునేలోపే, వచ్చావా, ఆ కొస పట్టుకుని లేపు అన్నారు.

లేపాడు. అది ఇంకా కుట్టు పడని వైపు. పై చీర జారి కిందపడింది, మధ్యదేమో వంకర తిరిగింది. మేడమ్ నవ్వి, మళ్ళీ సర్దించి, సూదీ దారం అతని చేతిలో పెట్టారు.

ఏ పనైనా ప్రాణం పెట్టి చేస్తాడు ఏలియా, అదే అతని జబ్బు. కుట్టు కుట్టుకీ దారాన్ని బలం కొద్దీ లాగి బిగించాడు. జానెడు కుట్టేసరికి గుడ్డంతా ముడతలు పడి వాడిన వంకాయలా తయారైంది. ఇది కూడా రాదు నాకు అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేడమ్ కత్తెర తీసుకుని ఆ దారం కత్తిరించేశారు. ముడతల మీద అరచెయ్యి వేసి మెల్లగా సాపు చేశారు.

"మరీ బిగించకు నాయనా. పొరల్ని కాస్త కదలనివ్వు."

ఏలియా చెయ్యి ఆగిపోయింది. ఆమె కుట్టిన వైపుకి జరిగి బొంతని వంచి చూశాడు. చీరలు ఒకదాని మీద ఒకటి పిసరంత జరిగి, కుట్టు దగ్గర ఆగాయి. వదిలేస్తే వెనక్కి సర్దుకున్నాయి. మళ్ళీ వంచాడు. మళ్ళీ వదిలాడు.

మేడమ్ అటు చూడకుండా కళ్ళజోడు సవరించుకుని సూదికి కొత్త దారం ఎక్కిస్తున్నారు.

బొంత కొస వదలకుండానే అడిగాడు. "ఇది ఎవరికి మేడమ్?"

"ల్యాబులో ఉత్త నేల మీద పడుకుంటున్నావట. చలి రోజులు."

బస్సు సంగతి అతను ఎత్తలేదు. తల వంచుకుని సూది అందుకున్నాడు. ఈసారి దారాన్ని వదులుగా లాగాడు.