నిప్పంటే భయపడిన నీలం

రాణిగారి హారంలో నీలం మారిపోయింది. నేరం దాసి ఎర్రమ్మ మీద పడింది. ఇంకాసేపట్లో దాని చెయ్యి నరికేస్తారు.

"ఇది రంగు కోసం నిప్పుల్లో కాల్చిన రాయి ప్రభూ. నిప్పు తగలని అసలు రాయిని ఈ ఎర్రమ్మే కాజేసింది," అన్నాడు హారానికి మెరుగుపెట్టిన రత్నాల కామేశం.

అతని ఉంగరంలోనూ నీలమే ఉంది. ఎర్రమ్మ దాన్నే చూస్తూ, "మరి తమరిదో అయ్యా?" అంది.

"నాదీ కాల్చిందేలేవే. అసలుది నాకెక్కడిది?"

ఎర్రమ్మ రాజు వైపు తిరిగింది. "అయితే రెండూ ఇంకోసారి నిప్పుల్లో వేయించండి మహారాజా. కాలిన రాళ్లకి కొత్తగా పోయేదేముంది?"

రాజు కుంపటి తెప్పించాడు. కామేశం ఉంగరాన్ని పిడికిట్లో దాచేసుకుని, "వద్దు ప్రభూ, రంగు చెడిపోద్ది!" అని అరిచాడు.

సభంతా అతని పిడికిలి వైపే చూసింది. ఎర్రమ్మ మాత్రం తన చెయ్యి చూసుకుంది.