మెలికయ్య కాలి ముల్లు

ఇది ఉన్నది ఉన్నట్టు జరిగిన కథ. ఇందులో ఆవగింజంత అబద్ధముంటే ఆ ఆవగింజ నా కంట్లోనే పడాలి. చూసినవాళ్ళు చెప్పారు, వాళ్ళని గుచ్చిగుచ్చి అడిగినవాళ్ళూ అదే చెప్పారు. కాబట్టి సందేహాలు పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చోండి.

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, ఈ కొసన చెట్టెక్కిన కోతి ఆ కొసన దిగేసరికి దానికి మనవలు పుట్టేవారు. అంత అడవికీ ఎండాకాలంలో మిగిలేది ఒక్కటే మడుగు. అది కూడా రోజురోజుకీ చిక్కిపోయి, మూకుడంత అయ్యేది. ముందు తాగినవాళ్ళకి తేటనీళ్ళు. వెనక తాగినవాళ్ళకి బురద.

ముందు ఎవరు తాగాలి? గట్టు మీది జంతువులా, లోయలోని జంతువులా? కొట్టుకుని చావడమెందుకని పెద్దలు ఒక ఆట పెట్టారు. అదే సొరబుర్ర ఆట.

ఎండిన సొరబుర్ర ఒకటి ఉంటుంది. దాన్ని చంకలోనో, నోట్లోనో, ఎలాగోలా పట్టుకుని పరుగెత్తి, మైదానం చివరన ఉన్న అవతలివాళ్ళ పుట్ట దాటించాలి. అవతలివాళ్ళు అడ్డం పడతారు, మీద పడతారు, కిందేసి కూర్చుంటారు. ముందుగా మూడుసార్లు దాటించినవాళ్ళు గెలిచినట్టు. ఆ ఏడాది వేసవంతా ముందు నీళ్ళు వాళ్ళవే.

ఆ మైదానం నిండా తుమ్మముళ్ళు. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు కూడా పెట్టారు. ఎవరి కాలిలో ముల్లు దిగినా "తూచ్!" అని అరవాలి. అరవగానే ఆట ఆగాలి. ఆ ముల్లుని సొంత జట్టువాళ్ళు తీయకూడదు. ఎదుటి జట్టువాడే వచ్చి తీయాలి. "ఎందుకలా?" అని అడిగితే, "ముల్లు తీసినవాణ్ణి రేపు కుమ్మబుద్ధి కాదు గనక" అన్నారట పెద్దలు.

ఈ ఆటకి తీర్పరి తీతువమ్మ. మిగతా అడవుల్లో తీతువు కూసిందంటే అపశకునమని తుపుక్కున ఉమ్ముతారు. ఇక్కడ మాత్రం ఆవిడ కూస్తేనే ఆట మొదలు, కూస్తేనే ఆట ఆగడం. ఆ కూతకి ఏడు వాగుల అవతలి చిరుతపులి కూడా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నిలబడిపోయేది.

తీర్పరితనం చేసీ చేసీ తీతువమ్మకి ప్రాణం విసిగిపోయింది. గెలిచినవాడు పలకరించడు, ఓడినవాడు వదలడు. "వచ్చే ఏడు నా వల్ల కాదు, ఏ గుడ్లగూబనో పెట్టుకోండి" అని ఏటా అనేది. ఏటా వచ్చేది. ఆవిడ లేకపోతే కొమ్ములూ కోరలూ ఏం చేస్తాయో ఆవిడకి తెలుసు.

ఆ ఏడు లోయ జట్టుకి పెద్ద ముట్టెమ్మ అనే అడవిపంది. ముందుకి తప్ప పక్కకి పరుగెత్తడం చేతకాని మనిషి. మనిషి అంటే పందే అనుకోండి. గట్టు జట్టుకి పెద్ద మెలికయ్య అనే ముంగిస. వాడు తిన్నగా నడిచిన రోజు లేదు. నిద్రలో కూడా మెలికలు తిరుగుతాడు. వాడి పక్కన కొండలాంటి అడవిదున్న, బండయ్య. మాట తక్కువ, మేత ఎక్కువ.

తీతువమ్మ కూసింది. ఆట మొదలైంది.

దుమ్ము ఎంత లేచిందంటే పగటిపూటే నక్షత్రాలు తుమ్మాయి. ముట్టెమ్మ బుర్ర నోట కరుచుకుని, అడ్డొచ్చినవాళ్ళని అరటిబోదెల్లా పడేస్తూ వెళ్ళి ఒకసారి దాటించింది.

అప్పుడు మెలికయ్య తన వాళ్ళ చెవుల్లో ఏదో ఊదాడు. మరుక్షణం గట్టు జట్టు మొత్తం నడుములు వంచి, పొట్ట కింద ఏదో దాచుకున్నట్టు తలో దిక్కూ పరుగు తీసింది. లోయవాళ్ళు దుప్పి వెంట కొందరు, కణుజు వెంట కొందరు పడ్డారు. బుర్ర మాత్రం బండయ్య గడ్డం కింద ఉంది. ఆయన మేత మేస్తున్నవాడిలా నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి పుట్ట దాటేశాడు.

"అన్యాయం!" అని అరిచారు లోయవాళ్ళు.

తీతువమ్మకి నవ్వాగలేదు. "అన్యాయమేముందర్రా? మీకు కళ్ళున్నాయి, ఎదురుగానే బుర్ర ఉంది. మీ కళ్ళు మోసపోతే అది మీ కళ్ళ తప్పు. చెల్లింది!"

ముట్టెమ్మ కూడా ముట్టె గోక్కుని, "బాగా చేశావయ్యా, మెలికయ్యా" అంది. అంటూనే వెళ్ళి ఇంకొకసారి దాటించింది.

మెలికయ్యకి చెమటలు పట్టాయి. ఈసారి బుర్ర చేతపట్టుకుని, ఆట నడుమ తటాలున నిలబడి, "అత్తా! తీతువత్తా! బుర్ర చిట్లింది, వేరేది కావాలి!" అని కేకేశాడు. బుర్ర చెవి దగ్గర పెట్టి ఆడించి, పెదవి విరిచి, ముసలి వైద్యుడిలా తల అడ్డంగా ఊపాడు. "కాస్త దారివ్వు వదినా, అత్తకి చూపించి వస్తా" అంటూ ముట్టెమ్మ పక్కనుంచి నడిచాడు. పాపం, లోయవాళ్ళు మర్యాదగా పక్కకి జరిగారు. ఒకరైతే "ముళ్ళున్నాయి, చూసుకుని నడవయ్యా" అని కూడా అన్నారు. చివరివాణ్ణి దాటాడో లేదో, మెలికయ్య బాణంలా దూకి పుట్ట అవతల పడ్డాడు!

తీతువమ్మ నెత్తిన రెక్క పెట్టుకుంది. "ఒరే మెలికా! ఏమిట్రా ఇది?"

"బుర్ర చిట్లిందని అబద్ధమాడకూడదని పెద్దలు చెప్పారా అత్తా?"

"చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని వాళ్ళు అనుకోలేదు."

"మరి చెల్లినట్టేగా?"

చెల్లలేదనడానికి ఆవిడ దగ్గర మాట లేదు. పళ్ళు ఉంటే పటపట కొరికేదే, పిట్టకి పళ్ళెక్కడివి? "చెల్లింది, ఏడువు!" అంది. ఆ మాట నోట్లోంచి రావడానికి, గుడ్డు పెట్టడానికి పడినంత అవస్థ పడింది.

ఇప్పుడు చెరి రెండు. మిగిలింది ఒక్కటే. లోయలో పంది పిల్లలూ జింక పిల్లలూ గుటకలు మింగుతూ చూస్తున్నాయి. గట్టు మీద దున్న దూడలూ అలాగే చూస్తున్నాయి. కిందటేడు బురదనీళ్ళు తాగి కడుపునొప్పితో మెలికలు తిరిగినవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

ముట్టెమ్మ బుర్ర కరుచుకుని బయల్దేరింది. ఎదురుగా మెలికయ్య. ఢీకొనేలోపల వాడు వెల్లకిలా పడి, కాలు పైకెత్తి, "తూచ్! తూచ్! అమ్మో, ముల్లు!" అని గగ్గోలు పెట్టాడు.

తీతువమ్మ వెంటనే కూసింది. ముట్టెమ్మ బుర్ర కింద పెట్టింది. మోకాళ్ళ మీద వంగి, "ఏదయ్యా, ఏ కాలు?" అంటూ తన చిన్న కళ్ళు చికిలించి వెతకసాగింది. ఇంకేముంది! మెలికయ్య ఆవిడ వీపు మీదుగా ఎగిరి, బుర్ర లాక్కుని, పుట్ట దాటి, తోక మీద నిలబడి నాట్యమాడాడు.

"చెల్లదు! చెల్లదు! చెల్లదు!" తీతువమ్మ అరిచిన అరుపుకి చెట్లమీది ఆకులు వేసవి రాకముందే రాలిపోయాయి. "ఒక్కటి కూడా నిలవనీయవేమిరా! ఉన్న ఒక్క మంచి కట్టుబాటునీ బుగ్గి చేశావు కదరా!"

మెలికయ్య అందరికీ వినబడేలా గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, ఒక్క మాట. కిందటేడు నేను నీ గుడ్ల వాసన పట్టి వచ్చినప్పుడు నువ్వేం చేశావు? రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ కుంటలేదూ? నువ్వు దొరుకుతావని ఆశపడి నీ వెనక మూడు వాగులు దాటాను. ఆ తర్వాత టపటపా ఎగిరిపోయావు. నువ్వు చేస్తే తెలివి, నేను చేస్తే మోసమా?"

అందరూ తీతువమ్మ వంక చూశారు. అబద్ధమంటే అనవచ్చు, కానీ అది నిజమే. ఒక్క క్షణం ఆవిడకి ఎగిరిపోదామా అనిపించింది. తర్వాత ఆవిడ రెక్కలు సర్దుకుంది.

"చేశాను. మళ్ళీ వచ్చావంటే మళ్ళీ చేస్తాను. నువ్వు నా బిడ్డల్ని తినడానికి వచ్చావురా. నీకూ నాకూ ఆ రోజు ఏ ఒప్పందమూ లేదు. కానీ ఈవిడ నీ దగ్గరికి ఎందుకొచ్చింది? నీ కాలిలో ముల్లు తీయడానికి! తినడానికి వచ్చినవాణ్ణి ఏమార్చడం వేరు, ముల్లు తీయడానికి వంగినదాన్ని ఏమార్చడం వేరు. ఆ తేడా నీకు తెలియకపోతే పోయి గుడ్లు దొంగిలించుకో, ఆటకి రాకు. బుర్ర ఎక్కడ పెట్టిందో అక్కడే పెట్టు!"

మెలికయ్య గొణుక్కుంటూ పెట్టాడు. బండయ్య తల పక్కకి తిప్పుకున్నాడు.

మళ్ళీ కూత. ముట్టెమ్మ పరుగందుకుంది. ఒకణ్ణి తోసింది, ఇద్దర్ని దాటింది, బండయ్యని కూడా పక్కకి నెట్టి ముందుకి వెళ్ళిపోయింది. ఇక ఎదురుగా ఎవరూ లేరు. పుట్ట నాలుగు గంతుల దూరంలో ఉంది. మెలికయ్య వెనక నుంచి తరుముతున్నాడు.

అప్పుడు వినిపించింది.

"తూచ్!"

ఎవరూ ఆగలేదు. "అమ్మా! తూచ్! ఈసారి నిజం!"

"ఆగకక్కా! వాడి మాట నమ్మకు!" అని లోయ జట్టంతా ఒక్క గొంతుతో అరిచింది. గట్టు జట్టులో కొందరు పకపకా నవ్వారు. "మా మెలికయ్య మళ్ళీ వేశాడ్రోయ్!" అని తొడలు చరుచుకున్నారు.

తీతువమ్మ ముక్కు తెరిచింది. కానీ కూత బయటికి రాలేదు. 'ఎన్నిసార్లురా నన్ను వెధవని చేస్తావు? కూయను. చస్తే కూయను' అనుకుంది.

ముట్టెమ్మ ఆగింది.

బుర్ర కింద పెట్టి వెనక్కి తిరిగింది. ఆవిడ జట్టులోని కుందేలు ఎదురొచ్చి కాళ్ళకి అడ్డం పడింది. "నీకేమైనా మతిపోయిందా అక్కా? నాలుగు గంతులే! మన పిల్లలు మళ్ళీ బురద తాగాలా?"

"తాగకూడదనే నేనూ పరుగెత్తుతున్నాను" అంది ముట్టెమ్మ రొప్పుతూ. "వాడిది అబద్ధమైతే సిగ్గు వాడిది. నిజమైతే మాత్రం సిగ్గు నాది. అడ్డు లే."

వెళ్ళి చూసింది. ఈసారి వెతకాల్సిన పని లేకపోయింది. తుమ్మముల్లు! ఏనుగు దంతమంత ముల్లు, ఒక వెంట్రుకవాసి తక్కువ. అరికాల్లో దిగి పైకి వచ్చేసింది. మెలికయ్య ముఖం సున్నమైపోయింది. నవ్వుతున్నవాళ్ళ నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. అప్పుడు కూసింది తీతువమ్మ. ఆలస్యంగా కూసింది.

ముట్టెమ్మ ముల్లు మొన పళ్ళతో పట్టుకుని లాగసాగింది. ఇంతా జరుగుతుంటే మెలికయ్య ఏం చేశాడో తెలుసా? పళ్ళు బిగించి, కళ్ళనీళ్ళతోనే, "బండయ్యా! బుర్ర ఒంటరిగా ఉంది! ఎత్తుకుని వాళ్ళ పుట్ట వైపు పరుగెత్తు బావా!" అని గుసగుసలాడాడు. ముల్లు ఇంకా సగం కాలిలోనే ఉంది!

బండయ్య లేచాడు. బుర్ర దగ్గరికి నడిచాడు. బండయ్య బుర్ర పక్కన నాలుగు కాళ్ళూ పాతి నిలబడి, తన జట్టు వంక చూసి ముక్కుతో బుసకొట్టాడు.

"దీన్ని ఎవడైనా ముట్టుకుంటే వాణ్ణి గట్టు మీదకి విసిరేస్తాను. వేసవంతా బురదైనా తాగుతాను గానీ బావా, అలా గెలిచిన నీళ్ళు నా గొంతు దిగవు."

ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒకేసారి అన్ని మాటలు ఆడటం అదే మొదలు.

ముల్లు ఊడింది. ముట్టెమ్మ దాన్ని దూరంగా ఉమ్మేసి, తన బుర్ర దగ్గరికి వచ్చింది. బండయ్య రెండడుగులు వెనక్కి వేసి కొమ్ములు దించాడు. "ఇప్పుడు రా చెల్లెమ్మా. ఊరికే మాత్రం పోనివ్వను."

"పోనివ్వమని ఎవరడిగారన్నా?" అంది ముట్టెమ్మ.

కూత పడింది. అబ్బో, ఆ ఢీ! భూమి రెండు జానలు కుంగింది, మడుగులో చేపలు గట్టు మీద పడి మళ్ళీ వాటంతటవే లోపలికి దొర్లాయి. నాలుగు గంతుల దూరం దాటడానికి ముట్టెమ్మకి పొద్దు వాలినంత సేపు పట్టింది. చివరికి బండయ్య ఆవిడ తోక కరుచుకుని వేలాడుతుండగానే, ఆవిడా బుర్రా తోకా బండయ్యా, అందరూ కలిసి పుట్ట అవతల పడ్డారు.

"చెల్లింది!" అంది తీతువమ్మ. ఆ ఏడాది మొత్తంలో ఆవిడకి హాయిగా నోట వచ్చిన మాట అదొక్కటే.

ఆ వేసవి లోయవాళ్ళు ముందు తాగారు. గట్టువాళ్ళు తరవాత, ముక్కులు మూసుకుని తాగారు. బండయ్య ముక్కు మూసుకోలేదు.

మెలికయ్య కుంటుకుంటూ తీతువమ్మ దగ్గరికి వచ్చాడు. "రెండోసారి నేను నిజంగానే అరిచాను కదత్తా, నువ్వెందుకు నమ్మలేదు?"

"నమ్మకపోవడం నా తప్పేరా. వచ్చే ఏడు ఎవడు 'తూచ్' అన్నా, నువ్వన్నా సరే, ముందు కూస్తాను, తరవాతే కాలు చూస్తాను. కానీ ఒకటి చెప్పు. నీ నిజానికి విలువ లేకుండా చేసింది నేనా, నువ్వా?"

ముంగిస మెలికలు తిరగడం మానేసి, కుంటుతూనే గానీ, తిన్నగా ఇంటికి నడిచాడు.

కాబట్టి పిల్లలూ, ఆటలో ఎదుటివాడి కన్ను కప్పినవాడు నేర్పరి, ఎదుటివాడి మంచితనాన్నే ఎర వేసినవాడు వంచకుడు.

ఊఁ, ఇంకా కూర్చున్నారేం? మబ్బు పట్టింది, డాబా మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తుకురండి, పోండి. చెప్పులు వేసుకుని మరీ పోండి.