పన్ను లేని చేప మిఠాయి

మల్కిపాడు సంస్థానం ఎప్పుడో పోయింది. రాజావారు మాత్రం మిగిలారు. పద్మనాభ భూపతిగారికి మామిడి తోటలున్నాయి, రెండు హోటళ్లున్నాయి, ఒక దివానూ ఉన్నాడు. అన్నిటికన్నా ఎక్కువగా పట్టుదల ఉంది.

"మా వంశం పన్ను వసూలు చేసిందేగానీ, ఎన్నడూ కట్టలేదు" అనేవారాయన. ఇంటి పన్ను ఏటా దివాన్ గరుడాచలం గుట్టుగా కట్టేస్తున్నాడని ఆయనకి తెలియదు.

అలాంటి రాజావారు జపాన్‌లోని ఫుకువోకా నగరం చూడబోయారు. వెంట దివాన్, వంట అచ్చియమ్మ. చారు లేనిదే రాజావారికి ముద్ద దిగదు కాబట్టి వంటగది ఉన్న బస తీసుకున్నారు.

తిరుగు ప్రయాణం ఇంకొక్క రోజుందనగా, పొద్దున్నే వీధిలో నడుస్తుంటే రాజావారికి కమ్మటి వాసన తగిలింది. ఒకతను వేడివేడిగా చేప ఆకారంలో మిఠాయి కాలుస్తున్నాడు. పేరుకే చేప. పైన గోధుమపిండి, లోపల తియ్యటి పూర్ణం.

రాజావారు చెయ్యి చాపారు. అంతలో దివాన్ చెవిలో ఊదాడు. "ధరలో పన్ను కలిపే ఉంది ప్రభూ."

చాపిన చెయ్యి వెనక్కి వచ్చేసింది.

బసకి చేరాక రాజావారు ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టారు.

"ఆ చేప మిఠాయి ఇవాళే, ఈ ఊళ్లోనే నా నోట్లో పడాలి. దాని మీద ఒక్క యెన్ పన్ను కట్టకూడదు. ఈ దేశం నియమమూ తప్పకూడదు. ఎవరు తెస్తారు?"

దివాన్ మీసం దువ్వుకున్నాడు. "ఇదెంత పని! పెద్ద దుకాణాల్లో మనలాంటి పరదేశీయులకు పన్ను మినహాయింపు ఉంది. పాస్‌పోర్టు చూపిస్తే చాలు. పైగా నాకు జపాన్ భాష వచ్చు."

ఆయనకొచ్చిన జపాన్ భాష మూడు మాటలు. అందులో రెండు నమస్కారాలే.

గంటలో తిరిగొచ్చాడు. చేతిలో దళసరి ప్లాస్టిక్ సంచి, అందులో మూడు పెట్టెలు, పెట్టెల నిండా చేప మిఠాయిలు.

"పన్ను సున్నా ప్రభూ!"

రాజావారు ఆనందంగా సంచి మూతి పట్టుకుని లాగారు. రాలేదు. కళ్లజోడు పెట్టుకుని దాని మీద ఇంగ్లీషులో రాసింది పైకి చదివారు.

"దేశం దాటేదాకా తెరవరాదు."

దివాన్ మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"తెరిస్తే?" అన్నారు రాజావారు.

"విమానాశ్రయంలో... పన్ను కట్టాలిట."

రాజావారు సంచిని ఒళ్లో పెట్టుకుని, పంజరంలో చిలకని చూసినట్టు మిఠాయిల్ని చూస్తూ కూర్చున్నారు.

పరువు దక్కించుకోవాలని దివాన్ గొంతు పెంచాడు. "ఇది మానవమాత్రులకి అయ్యే పని కాదు ప్రభూ! నావల్ల కానిది ఎవరివల్లా కాదు."

వంటగది గుమ్మంలోంచి అచ్చియమ్మ అంది. "తమరు సెలవిస్తే నేనోసారి చూసొస్తాను దొరా."

దివాన్ ఇకిలించాడు. వాళ్ల బావమరిదిని రాజావారి వంటలో పెట్టించాలని ఆయన రెండేళ్లుగా కాచుకుని ఉన్నాడు. "చూసిరా. ఒట్టి చేతుల్తో వచ్చావంటే మాత్రం, ఊరు చేరగానే వంటగది తాళాలు అప్పగించాలి. సమ్మతమేనా?"

అది అచ్చియమ్మ ఇరవైరెండేళ్లుగా ఏలుతున్న వంటగది. అయినా "సమ్మతమే" అనేసి, పాస్‌పోర్టు కొంగున ముడేసుకుని బయల్దేరింది.

దుకాణంలో ఆమె తనకొచ్చిన తెలుగే మాట్లాడింది. కౌంటర్లో అమ్మాయి ఫోను ముందుకు పెట్టింది. ఈమె అడిగింది అందులో జపాన్ భాష అయింది, ఆమె చెప్పింది తెలుగయింది. అలా ఇద్దరూ పావుగంట సేపు ముచ్చటించుకున్నారు. ఏది సంచిలో మూసేస్తారు, ఏది మూయరు, ఎందుకు మూయరు అని అచ్చియమ్మ గుచ్చి గుచ్చి అడిగింది.

మధ్యాహ్నానికల్లా బసలో ఘుమఘుమలు లేచాయి. రాజావారు ముక్కు ఎగబీలుస్తూ బల్ల దగ్గరికొచ్చారు. పళ్లెంలో నాలుగు చేపలున్నాయి. పొలుసులు, తోక, కళ్లు, అన్నీ ఉన్నాయి. తుంచితే లోపల శనగపప్పూ బెల్లం పూర్ణం పొగలు కక్కింది.

"మోసం!" అని దివాన్ వంటగదిలోకి ఉరికాడు. చేప అచ్చులున్న ఇనప పెనం, దాని ఖాళీ పెట్టె, రసీదు పట్టుకొచ్చాడు. "చూడండి ప్రభూ! పన్ను మినహాయింపు సరుకు! దేశం దాటకముందే విప్పేసింది! నియమం తప్పింది!"

రాజావారు నోటి దాకా వచ్చిన తోకని ఆపారు. "ఏమంటావు అచ్చియమ్మా?"

"విప్పకూడనివి తినే సరుకులూ, ఒంటికి రాసుకునే సరుకులూనంట దొరా. గిన్నెలూ పెనాలూ ఇక్కడే వాడుకోవచ్చు, వెళ్లేటప్పుడు మనతో పట్టుకుపోతే చాలని ఆ పిల్లే చెప్పింది. దివాన్ గారు ఈ పెనాన్ని కొరుక్కు తిననంతవరకూ మనకేం భయం లేదు."

రాజావారు పొలమారేలా నవ్వారు.

దివాన్ వదల్లేదు. "అయితే మిఠాయి కొననేలేదుగా! ప్రభువులు కొనమన్నారు!"

"కొనమన్నది తమరు బాబూ. నోట్లో పడాలన్నది దొరగారు."

"మరి ఆ పిండీ, బెల్లమూ?"

"మల్కిపాడువి. మన పెట్టెలోవే."

తోక రాజావారి నోట్లో పడింది. వెనకే నడుమూ, తలా వెళ్లాయి. రెండో చేప కూడా అయ్యాక ఆయన వేలికున్న కెంపుటుంగరం తీసి ఆమె ముందు పెట్టారు.

"ఇది కాక ఇంకేం కావాలో కోరుకో."

అచ్చియమ్మ పిండి చేతులు తుడుచుకుంది. "నాలుగు రోజులయింది దొరా ఈ ఊరొచ్చి. వంటగది కిటికీలోంచి ఎదురింటి గోడ, ఇవాళ ఆ దుకాణం తప్ప ఏమీ చూడలేదు. ఇక్కడ సముద్రం దగ్గరేనంట. ఈ పూటకి సెలవిప్పిస్తే చూసొస్తాను."

"చూసిరా! రాత్రయినా పర్లేదు."

"మరి తమరికి చారు?"

రాజావారు దివాన్ వైపు తిరిగారు. అట్లకాడ తీసి ఆయన చేతిలో పెట్టారు.

"గరుడాచలంగారూ, చింతపండు ఎక్కడుందో ఆవిడ వెళ్లకముందే అడిగి తెలుసుకోండి."

అచ్చియమ్మ చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే, రాజావారి నవ్వు వీధి మలుపు దాకా వినిపించింది.