బుచ్చయ్య ఛాతీలో పిల్లి కాపురం

అడవి అంచున, వాగు ఒడ్డున మినుములు పండించుకు బతికే ఎలుగుబంటి బుచ్చయ్యకు పనంటే ప్రాణం. ఆ ఏడు కల్లంలో మినుములు తూర్పారబట్టడం మొదలెట్టాడో లేదో, ఆ ప్రాణానికే ముప్పొచ్చింది. చేటెత్తితే దగ్గు. దించితే ఆయాసం. ఛాతీలోంచి కీఁయ్ కీఁయ్‌మని కూతలు.

అటుగా వచ్చిన నక్క నాంచారయ్య చెవొగ్గి విన్నాడు.

"బావా, ఇవి పిల్లికూతలు! నోరు తెరుచుకుని పడుకుంటావుగా, పిల్లి దూరింది."

బుచ్చయ్య గాభరాగా ఛాతీ తడుముకున్నాడు. "ఎంత పిల్లి బావా?"

"కూతను బట్టి చూస్తే ముదురుదే. కాల్చిన చేపలు ముందు పెట్టి, కళ్లు మూసుకుని నోరు తెరు. వాసనకి బయటికొస్తుంది. నువ్వు చూశావో, సిగ్గుపడి మళ్లీ దూరుతుంది."

పాపం, బుచ్చయ్య రోజూ అలాగే చేశాడు. చేపలు మాయమయ్యేవి, కూతలు మాత్రం పోయేవి కావు.

"రుచి మరిగింది బావా! రేపు ఇంకాస్త పెద్ద చేపలు పెట్టు" అనేవాడు నక్క, మూతి తుడుచుకుంటూ.

చివరికొకనాడు ఊపిరాడక, మాట పెగలక బుచ్చయ్య కల్లంలోనే కూలబడ్డాడు. ఇక చావే అనుకున్నాడు. వాగులో ఉన్న డాక్టరు కొంగ కామాక్షమ్మ చూసి ఎగిరొచ్చింది. అతణ్ని దుమ్ములోంచి అవతలికి నడిపించి, కూర్చోబెట్టి, మందు పీల్పించింది. ఊపిరి కుదుటపడ్డాక బుచ్చయ్య పిల్లి సంగతి చెప్పాడు.

"కంట్లో పాప ఉందని ఉయ్యాల కడతావుటయ్యా? ఇది ఉబ్బసం! వానపడి ఇంట్లో ఉన్ననాడు కూతలొచ్చాయా?"

"లేదు డాక్టరమ్మా. పిల్లికి వానంటే భయమేమో అనుకున్నా."

"నీ తలకాయ! కల్లం దుమ్ము నీకు పడటం లేదు. ముక్కూ నోరూ మూసేలా మాస్కు కట్టు. గాలి వీపుకు తగిలేలా నిలబడు. నేనిచ్చే పీల్చే మందు మానకు. ఆయాసం మొదలైతే మొండికెయ్యక, వెంటనే దుమ్ములోంచి బయటికి రా."

ఒళ్లు తేరుకున్నాక బుచ్చయ్య మాస్కు కట్టుకుని, గాలికి వీపు పెట్టి చేటెత్తాడు. ఇన్నాళ్లూ చేపలు తిన్న పిల్లెవరో తేల్చుకుందామని, చేపలు మాత్రం పొట్టు ఎగిరిపడే వైపు పెట్టాడు. నాంచారయ్య అక్కడే పొట్టు కుప్పలో నక్కి ఉన్నాడు.

"హాఛ్!"

"అరె, పిల్లి తుమ్మిందే!" అన్నాడు బుచ్చయ్య.

"మ్యా... హాఛ్... మ్యావ్!" అంది కుప్ప.

బుచ్చయ్య చెయ్యిపెట్టి తోక పట్టి లాగాడు. ఒళ్లంతా పొట్టుతో, కళ్లూ ముక్కూ కారుతూ నక్క బయటపడ్డాడు.

"బావా... పిల్లిని పట్టుకుందామని..."

"నేను పట్టేశాలే!" అని తోక వదలకుండా తీసుకెళ్లి వాగులో గిరాటేశాడు బుచ్చయ్య. తరవాత పొట్ట పట్టుకుని ఎంతసేపు నవ్వినా ఆయాసమే రాలేదు.

ఊపిరాడనప్పుడు అడగాల్సింది వైద్యుణ్ని, విందు కోరేవాణ్ని కాదు.